మొదటిసారి అమెరికాలో ఓటు వేస్తున్నారా? బ్యాలెట్‌ని కింది నుంచి పైకి చదవండి

సిటిజెన్‌షిప్ ఓత్ (ప్రమాణం) అయిపోయింది, చేతికి చిన్న జెండా ఇచ్చారు, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటిల్లిపాదీ ఫోటో దిగారు, ఆ రాత్రి బిర్యానీ కూడా అయిపోయింది. ఆ తర్వాత వారం రోజులకి మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఫోన్ వస్తుంది, "ఎవరికి వెయ్యాలండీ ఇక్కడ?" అని. మా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో కొత్తగా సిటిజెన్ అయినవాళ్లు ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పను, అది మీ ఇష్టం. కానీ ఎలా వెయ్యాలి, వేసే ముందు ఏం చూసుకోవాలి, మన పక్కింటి అమెరికన్ ఎందుకు అలా వేస్తాడు, ఈ మూడూ మాత్రం ఓపిగ్గా చెప్తాను, ఎందుకంటే ఇవి ఎవరూ చెప్పక నేను మొదటిసారి వెళ్లినప్పుడు పైన ప్రెసిడెంట్ పేరు ఒక్కటి నొక్కి మిగతా అంతా ఖాళీగా వదిలేసి వచ్చాను, అది ఇప్పటికీ బాధే నాకు. నేనుండేది టెక్సాస్ కాబట్టి రూల్స్ ఇక్కడివే చెప్తున్నా, వేరే స్టేట్‌లో ఉన్నవాళ్లు మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎలక్షన్ ఆఫీస్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. మన దేశంలోలాగా ఒకే ఎలక్షన్ కమిషన్ మొత్తం నడిపించడం ఇక్కడ లేదు, స్టేట్‌కో రూలు, ఆ స్టేట్‌లో మళ్లీ కౌంటీకో మెషీన్, కౌంటీలు చూస్తే దేశం మొత్తం మీద మూడు వేలకి పైనే.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. ఇది గ్రీన్ కార్డ్ వాళ్లకి, హెచ్ వన్ వాళ్లకి, అమ్మానాన్నలకి గ్రీన్ కార్డ్ చేయించినవాళ్లకి. డ్రైవర్ లైసెన్స్ కోసం వెళ్తే ఫామ్‌లో "మీరు అమెరికా సిటిజెనా? ఓటుకి రిజిస్టర్ చేసుకుంటారా?" అని ఉంటుంది. క్యూలో వెనకాల జనం ఉన్నారని తొందర్లో ఎస్ అని టిక్ పెట్టేస్తే కొంప మునుగుతుంది. సిటిజెన్ కాకుండా సిటిజెన్ అని చెప్పుకోవడం, ఓటు వెయ్యడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, తెలియక చేశానన్నా చాలాసార్లు వినరు, గ్రీన్ కార్డ్ పోయి దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. ఆ గడి దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, నో పెట్టండి. అమ్మానాన్నలకైతే పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి. అలాగే సిటిజెన్ అయిన రోజు నుంచి ఇండియాలో మీ ఓటు లేనట్టే, ఓసీఐ కార్డ్ ఉన్నా సరే ఓటు హక్కు రాదు, ఊళ్లో లిస్టులో ఇంకా మీ పేరు ఉంటే ఫామ్ 7 పెట్టించి తీసేయించండి.

ఇక రిజిస్ట్రేషన్. మనకి ఇంటికొచ్చి పేరు రాసుకునే బీఎల్‌ఓలు, పోలింగ్ ముందు స్లిప్పులు పంచేవాళ్లు ఇక్కడ ఉండరు, పేరు ఎక్కించుకునే బాధ్యత పూర్తిగా మనదే. చాలా స్టేట్స్‌లో ఆన్‌లైన్‌లో అయిపోతుంది కానీ టెక్సాస్‌లో కొత్తగా రిజిస్టర్ అవ్వాలంటే ఫామ్ నింపి, ప్రింట్ తీసి, పెన్నుతో సంతకం పెట్టి, కౌంటీ ఆఫీస్‌కి పోస్ట్ చెయ్యాలి లేదా చేతికివ్వాలి. సైట్‌లో వివరాలు నింపగానే అయిపోయిందనుకుని ప్రింట్ తియ్యకుండా వదిలేసినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు, తీరా పోలింగ్‌కి వెళ్తే పేరు లేదు. గడువు ఎన్నికకి 30 రోజుల ముందు. ఓత్ సెరిమనీ బయట వాలంటీర్లు టేబుల్ వేసుకుని ఫామ్‌లు పట్టుకుని కూర్చుంటారు చాలాచోట్ల, ఫోటోల హడావుడిలో వాళ్లని దాటేసి రాకుండా అక్కడే నింపేస్తే ఒక పని అయిపోతుంది. ఇల్లు మారితే మళ్లీ మార్చుకోవాలి, ముఖ్యంగా కౌంటీ మారితే కొత్తగా రిజిస్టర్ అవ్వాలి. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ నుంచి ఫ్రిస్కోలో కొత్తిల్లు కొనుక్కుని వెళ్లడం మన దగ్గర మామూలే కదా, ఇర్వింగేమో డాలస్ కౌంటీ, ఫ్రిస్కో సగం కాలిన్ సగం డెంటన్, మీ వీధి ఏ కౌంటీలోకి వస్తుందో టాక్స్ బిల్లు చూస్తే తెలుస్తుంది.

ఇంకో పని ఎవరూ చెప్పరు, సిటిజెన్ అయ్యాక సోషల్ సెక్యూరిటీ ఆఫీస్‌లో, డ్రైవర్ లైసెన్స్ ఆఫీస్‌లో కూడా రికార్డ్ మార్పించుకోండి. 2019 జనవరిలో టెక్సాస్ ప్రభుత్వం ఓటర్ లిస్టులో సుమారు 95,000 మంది సిటిజెన్లు కాకపోవచ్చని ప్రకటించింది, తీరా చూస్తే వాళ్లు పోల్చింది పాత డ్రైవర్ లైసెన్స్ రికార్డులతో. లైసెన్స్ తీసుకున్నప్పుడు గ్రీన్ కార్డ్, ఆ తర్వాత సిటిజెన్, మన కథే కదా అది. కోర్టు కేసులయ్యి చివరికి ఆ లిస్టు వెనక్కి తీసుకున్నారు కానీ ఈలోపు ఎంతమందికి నిద్ర పట్టలేదో. కౌంటీ నుంచి ఉత్తరం వచ్చి సిటిజెన్‌షిప్ రుజువు అడిగితే జంక్ మెయిల్ అని పారేయకండి, జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ హక్కు మనవాళ్లకి ఊరికే రాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఇండియన్లు తెల్లవాళ్లు కాదు కాబట్టి సిటిజెన్‌షిప్‌కి పనికిరారని ఇక్కడి సుప్రీం కోర్టే తీర్పు చెప్పింది, అప్పటికే సిటిజెన్ అయినవాళ్లలో కొందరి దగ్గర వెనక్కి లాక్కున్నారు కూడా. 1946లో చట్టం మారాకే మనకి దారి తెరుచుకుంది. నల్లజాతి వాళ్ల సంగతి ఇంకా దారుణం, కాగితం మీద హక్కు ఉన్నా అక్షరాలు వచ్చా అని పరీక్షలు, పోల్ టాక్స్ కడితేనే ఓటు, ఈ టాక్స్ మా టెక్సాస్‌లో 1966 దాకా ఉంది. 1965 ఓటింగ్ హక్కుల చట్టం కోసం వాళ్లు తిన్న లాఠీ దెబ్బల వల్ల మనం కూడా ఈ రోజు తలెత్తుకుని లైన్లో నిలబడుతున్నాం, నేను ఈ మాట మా పిల్లలకి ప్రతి ఎన్నికకీ చెప్తాను.

సరే అసలు విషయానికొద్దాం, బ్యాలెట్. మన దగ్గర ఎంపీ ఒకటి ఎమ్మెల్యే ఒకటి, గుర్తు చూసి నొక్కేస్తాం. ఇక్కడ గుర్తులు ఉండవు, పేరు, దాని పక్కన పార్టీ అంతే, పైగా ఒకే బ్యాలెట్‌లో ముప్పై నలభై పోస్టులుంటాయి. పైన ప్రెసిడెంట్, సెనేటర్, కాంగ్రెస్‌మాన్, అవి టీవీలో చూసినవే. కిందకి వచ్చేకొద్దీ ఎప్పుడూ వినని పేర్లు, ఎప్పుడూ వినని పదవులు. రైల్‌రోడ్ కమిషనర్ అని ఉంటుంది, రైళ్లతో ఆయనకి ఏ సంబంధమూ లేదు ఇప్పుడు, టెక్సాస్‌లో ఆయిల్, గ్యాస్ మీద అజమాయిషీ చేసేది ఆ కమిషనే. కౌంటీ జడ్జ్ అని ఉంటుంది, పేరుకి జడ్జే గానీ ఆయన అసలు పని కౌంటీ బడ్జెట్, రోడ్లు, విపత్తులు చూసుకోవడం, మన జడ్పీ ఛైర్మన్‌ని, కలెక్టర్‌ని కలిపితే ఎలా ఉంటుందో అలా. జస్టిస్ ఆఫ్ ది పీస్ అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసులు, 20,000 డాలర్ల దాకా చిన్న దావాలు వినేవాళ్లు, అద్దెకిచ్చినా అద్దెకున్నా ఏదో రోజు మీరు నిలబడేది వాళ్ల ముందే. ఆపైన షెరిఫ్ (కౌంటీ పోలీసు పెద్ద), డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే లాయరు), పెద్ద కోర్టుల నుంచి కౌంటీ కోర్టుల దాకా జడ్జీలు. అవును, టెక్సాస్‌లో జడ్జీలని కూడా పార్టీ పేరు మీద మనమే ఎన్నుకుంటాం, ఇది నాకు మొదట్లో అస్సలు మింగుడుపడలేదు.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, బ్యాలెట్‌ని కింది నుంచి పైకి చదవండి. ఎన్నికకి నెల ముందు కౌంటీ ఎలక్షన్ సైట్‌లో మీ పేరు, పుట్టిన తేదీ కొడితే మీకు రాబోయే బ్యాలెట్ నమూనా అచ్చంగా అలాగే దొరుకుతుంది, ప్రింట్ తీసుకోండి. ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని అడుగు నుంచి మొదలుపెట్టండి. ఒక్కో పోస్టుకి మూడు ప్రశ్నలు చాలు, ఈ పదవి ఏం చేస్తుంది, ఇప్పుడున్నాయన ఏం చేశాడు, పోటీ చేసేవాళ్లు ఇంతకుముందు ఏం చేశారు. లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ వాళ్ల ఓటర్ గైడ్‌లో అభ్యర్థులు వాళ్ల మాటల్లోనే జవాబులిస్తారు, బ్యాలెట్‌పీడియాలో పాత రికార్డులుంటాయి. రెండు గంటల పని. అన్నీ తేలకపోయినా ఫరవాలేదు, తెలియని చోట ఖాళీ వదిలేస్తే మిగతా ఓట్లు చెల్లకుండా పోవు, కాకపోతే నోటా అనేది ఇక్కడ లేదు. ఇదివరకు టెక్సాస్‌లో ఒక్క మీట నొక్కితే మొత్తం ఒకే పార్టీకి గంపగుత్తగా పడిపోయేది, 2020 నుంచి అది తీసేశారు, ఇప్పుడు ప్రతి పోస్టుకీ విడివిడిగా నొక్కాల్సిందే, కాబట్టి సగంలో అలిసిపోయి వచ్చేస్తే జడ్జీలు, షెరిఫ్ దాకా మీ ఓటు చేరదు.

ఇంకా కిందికి వెళ్తే స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, బాండ్లు (స్కూళ్లూ అవీ కట్టడానికి అప్పు తెచ్చుకోవచ్చా అని మనల్ని అడగడం). చాలా ఊళ్లలో ఇవి నవంబర్‌లో కాదు, మే నెల మొదటి శనివారం జరుగుతాయి, ఆ రోజు పిల్లల సాకర్ మ్యాచ్, కూచిపూడి క్లాసు, ఎవరింట్లోనో పుట్టినరోజు, ఓటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇల్లు కొనేటప్పుడు ఏ స్కూలు, దానికి ఎంత రేటింగ్ అని నెలల తరబడి వెతుకుతాం, టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కదా అని మురిసిపోతాం, ఆ తర్వాత ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి గుండె గుభేల్‌మంటుంది, ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. మరి ఆ డిస్ట్రిక్ట్‌ని నడిపే బోర్డుని ఎన్నుకునే రోజున మనం ఉండం. స్కూల్ బాండ్ ఉంటే బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, 2019 చట్టం ప్రకారం అలా రాసి తీరాలి, రేటు నిజంగా పెరిగినా పెరగకపోయినా. అది చూడగానే బెదిరిపోయి నో కొట్టకండి, స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్‌కి వెళ్లి ఆ డబ్బుతో కొత్త స్కూల్ కడతారా, స్టేడియం కడతారా, రేటు ఎంత మారుతుందని చదివి అప్పుడు తేల్చుకోండి. ఇలాంటి ఎన్నికల్లో వేసేవాళ్లే తక్కువ కాబట్టి మన వీధిలో పది ఇళ్లు కదిలినా తేడా తెలుస్తుంది.

ఒక్క ఓటుతో ఏమవుతుందనేవాళ్లకి వర్జీనియా సంగతి చెప్తాను. 2017లో అక్కడ అసెంబ్లీ లాంటి హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో ఒక సీటుకి రీకౌంట్ అయ్యాక ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు చొప్పున తేలాయి. చివరికి ఇద్దరి పేర్లూ చీటీల మీద రాసి ఒక గిన్నెలో వేసి తీశారు, ఆ చీటీతో సీటే కాదు, సభలో మెజారిటీ ఎవరిదో కూడా తేలిపోయింది. 2000లో ప్రెసిడెంట్ పదవే ఫ్లోరిడాలో 537 ఓట్ల మీద ఆధారపడింది.

ఇప్పుడు జనం ఎందుకు అలా వేస్తారు అనేది. మనవాళ్లు ఆఫీసులో ఒకరిద్దరిని చూసి అంచనాలు వేసేస్తుంటారు. నేను ఇక్కడ ఇన్నేళ్లలో గమనించింది, చదివింది చెప్తాను. ఎక్కువమందికి పార్టీ అనేది ఇంటిపేరు లాంటిది, అమ్మానాన్నల నుంచి, పెరిగిన ఊరి నుంచి, వెళ్లే చర్చి నుంచి వస్తుంది, అభ్యర్థి ఎవరన్నది ఆ తర్వాతే. మన దగ్గర "మా ఇంట్లో తాతల కాలం నుంచి ఫలానా పార్టీయే" అనేవాళ్లు లేరూ, అదే ఇది. ఎవాంజెలికల్ తెల్లవాళ్లు ఎక్కువగా రిపబ్లికన్లకి, నల్లజాతి వాళ్లు చాలా ఎక్కువగా డెమోక్రాట్లకి వేస్తారు, పెద్ద నగరాలు ఒకవైపు, పల్లెలు ఇంకోవైపు, కాలేజీ డిగ్రీ ఉన్నవాళ్లకి లేనివాళ్లకి మధ్య తేడా ఈ మధ్య బాగా పెరిగింది. ఒకప్పుడు ఈ సౌత్ అంతా డెమోక్రాట్ల కంచుకోట, 1964లో టెక్సాస్‌ వాడే అయిన ప్రెసిడెంట్ జాన్సన్ సివిల్ రైట్స్ చట్టం మీద సంతకం పెట్టాక ఇక్కడి తెల్లవాళ్లు మెల్లమెల్లగా రిపబ్లికన్ల వైపు వెళ్లిపోయారు, 1994 తర్వాత టెక్సాస్‌లో స్టేట్ మొత్తానికి జరిగే పోస్టు ఒక్కటి కూడా డెమోక్రాట్ గెలవలేదు. దానికి తోడు ధరలు. 2022 జూన్‌లో ధరల పెరుగుదల ఏడాదికి 9.1 శాతానికి పోయింది, గుడ్లు, పాలు, అద్దెలు ఎలా పెరిగాయో మనమూ చూశాం, ఆ కోపం 2024లో అధికారంలో ఉన్న పార్టీకి తగిలింది. ఇంకొంతమంది తమ పార్టీ మీద ప్రేమతో కాదు, అవతలి పార్టీ వస్తే ఏమైపోతామో అన్న భయంతో వేస్తారు, వీళ్లని తక్కువ అంచనా వెయ్యకండి, చాలామందే ఉన్నారు.

కానీ పార్టీని పక్కనపెట్టి విషయం ఒక్కటే ముందు పెడితే అదే జనం వేరేలా వేస్తారు, ఇది నాకు చాలా నచ్చే సంగతి. కాన్సాస్ పక్కా రిపబ్లికన్ స్టేట్, అయినా 2022 ఆగస్టులో అబార్షన్ హక్కుని స్టేట్ రాజ్యాంగం నుంచి తీసేయాలా అని అడిగితే దాదాపు 59 శాతం వద్దన్నారు. ఫ్లోరిడాలో 2020లో ట్రంప్ గెలిచిన రోజే, అదే బ్యాలెట్ మీద కనీస వేతనం 15 డాలర్లకి పెంచడానికి 60 శాతానికి పైగా ఎస్ అన్నారు. కాబట్టి పక్కింటాయన యార్డ్‌లో ఫలానా బోర్డు ఉందని ఆయన అన్నిట్లోనూ అలాగే ఆలోచిస్తాడని అనుకోకండి, కంచె దగ్గర నిలబడి స్కూలు గురించో వరద కాలువ గురించో మాట్లాడి చూడండి. మన సంగతీ అంతే, ఇండియన్లంతా ఒకవైపే అనే మాట ఇప్పుడు చెల్లదు, ఎక్కువమంది డెమోక్రాట్ల వైపే ఉన్నా రిపబ్లికన్ల వైపు వెళ్లేవాళ్లు పెరిగారు, మన ఇళ్లలోనే భార్యాభర్తలు చెరోవైపు ఉన్నవాళ్లని చూస్తున్నాం. వాట్సాప్ గ్రూపులో "మనవాళ్లంతా ఫలానా వాళ్లకే" అని మెసేజ్ వస్తే దాన్ని పక్కనపెట్టి మీ నమూనా బ్యాలెట్ దగ్గరికే రండి.

ప్రైమరీ గురించి కూడా చెప్పాలి. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మన దగ్గర అధిష్టానం తేలుస్తుంది, ఇక్కడ జనమే తేలుస్తారు. టెక్సాస్‌లో అది మార్చి నెలలో. చాలా నియోజకవర్గాలు ఒక పార్టీకి పూర్తిగా మొగ్గి ఉంటాయి కాబట్టి నవంబర్‌లో జరిగేది లాంఛనమే, అసలు పోటీ మార్చిలోనే అయిపోతుంది. ప్రస్తుతానికి టెక్సాస్‌లో పార్టీ పేరుతో రిజిస్టర్ అవ్వక్కర్లేదు, వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడగొచ్చు, కాకపోతే మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే మే నెలలో రనాఫ్ (ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత) కూడా ఆ పార్టీదే వెయ్యాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియాలో అలా కాదు, ముందే ఆ పార్టీ పేరు మీద రిజిస్టర్ అయి ఉండాలి. ప్రెసిడెంట్ లెక్క వేరు, స్టేట్‌ల వారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు మొత్తం 538, గెలవాలంటే 270, అందులో టెక్సాస్‌వి 40, స్టేట్‌లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే ఆ 40 మొత్తం పోతాయి.

ఇక వెయ్యడానికి వెళ్లే రోజు. ఎన్నిక నవంబర్‌లో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం, 1845 నాటి చట్టం అది, రైతులు ఆదివారం చర్చికి వెళ్లి సోమవారం బండి కట్టుకుని బయల్దేరి వచ్చే రోజులవి. మనకి మంగళవారం సెలవు ఉండదు, కాబట్టి ఎన్నిక రోజుకి ముందే జరిగే ఎర్లీ వోటింగ్‌లో వేసేయండి, తేదీలు కౌంటీ సైట్‌లో ఉంటాయి. ఐడీ టెక్సాస్ డ్రైవర్ లైసెన్స్ గానీ అమెరికా పాస్‌పోర్ట్ గానీ ఫోటో ఉన్న సిటిజెన్‌షిప్ సర్టిఫికెట్ గానీ సరిపోతుంది. లోపల ఫోన్ తియ్యకూడదు, అందుకని మీ నిర్ణయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, కాగితం తీసుకెళ్లొచ్చు. అభ్యర్థి పేరున్న టీషర్ట్, టోపీ వేసుకెళ్లొద్దు. లిస్టులో పేరు లేదంటే తల దించుకుని వెనక్కి రాకండి, ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలాక లెక్కించే తాత్కాలిక ఓటు) ఇవ్వమని అడగండి, 2002 నుంచి అది మీ హక్కు. సాయంత్రం ఏడింటికి లైన్లో ఉంటే చాలు, ఎంత రాత్రయినా వెయ్యనివ్వాల్సిందే.

ఇంగ్లీష్ చదవడం రాని అమ్మానాన్నలు సిటిజెన్లయి ఉంటే వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టకండి. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లకి నచ్చిన మనిషిని సాయానికి తీసుకెళ్లొచ్చు, పనిచేసే చోట యజమాని, యూనియన్ మనిషి తప్ప ఎవరైనా సరే. మా అమ్మకి డెబ్బై దాటాయి, తెనాలి దగ్గర పల్లెటూరు, అక్కడ ఒక్క ఎన్నిక కూడా వదిలింది కాదు. మా లైబ్రరీలో పోలింగ్‌కి తీసుకెళ్తే నాతో ముందు ఒక ఫామ్ నింపించి ప్రమాణం చేయించారు, ఆమె చెప్పినట్టే గుర్తు పెడతానని, ఒత్తిడి చెయ్యనని. తనేమో ఆ ముందు ఆదివారమే నాతో పోస్టు పోస్టుకీ చదివించుకుని ఒక ఎన్వలప్ వెనకాల తెలుగులో రాసుకుంది, "స్కూలు, రెండో ఆవిడ, టీచరు", "షెరిఫ్, పైన ఉన్నాయన", "బాండు, సరే". నేను స్క్రీన్ మీద ఉన్నవి ఒక్కొక్కటీ మెల్లగా చదువుతుంటే తను ఆ ఎన్వలప్ మీద వేలు జరుపుకుంటూ చెప్పింది, రెండు చోట్ల నేను వేసినదానికి పూర్తిగా ఎదురు వేసింది, నోరెత్తకుండా ఆమె చెప్పిందే నొక్కాను. ప్రింటయిన కాగితం స్కానర్‌లో తనే పెట్టింది. అంతా అయ్యాక ఎడమ చెయ్యి చాపి నిలబడింది, ఇంకు చుక్క పెడతారని. ఇక్కడ పెట్టరమ్మా అంటే నమ్మలేదు, టేబుల్ దగ్గరున్నావిడ నవ్వుతూ స్టిక్కర్ ఇస్తే దాన్ని తీసుకుని ఆ వేలి గోరు మీదే అంటించుకుంది. కారెక్కాక అడిగింది, "మళ్లీ ఎప్పుడు?" అని. మే మొదటి శనివారం అని చెప్పాను, ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీసిపెట్టింది.